పిల్లల గదికి పసుపు రంగు

టిఫిన్ డబ్బాలకు మూతలు బిగిస్తుంటే, అద్దం ముందు తల దువ్వుకుంటూనే అన్నాడు మా ఆయన: "అమ్మ ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే నీ ఉద్యోగం ఏనాడో ఊడేది." "అవునండీ" అన్నాను. ఇరవై ఏళ్ళుగా నా జవాబు అదే. చుట్టాలొచ్చినా, పక్కింటివాళ్ళడిగినా, "పాపని మా అత్తగారే పెంచారండీ" అని నేనే ముందు అందుకుంటాను. కోడలి నోట ఆ మాట వస్తే ఇంటికి పరువు. జరిగింది వేరు. పాపకు మూడో నెల రాగానే "నా పిల్లల్ని నేను పెంచుకున్నాను, నీ పిల్లని నువ్వు పెంచుకో" అని ఆవిడ అటు తిరిగి పడుకుంది. మూడేళ్ళు వచ్చేదాకా పాప మా ఆఫీసు రికార్డు గదిలో, పాత మ్యాపుల కట్టల మధ్య దుప్పటి మీద పెరిగింది. దగ్గొస్తే బయటికి వినపడకుండా దాని నోటికి నా చెయ్యి అడ్డం పెట్టేదాన్ని.

నేను పనిచేసేది విశ్వవిద్యాలయం ప్లానింగ్ ఆఫీసులో. రాబోయే ఇరవై ఏళ్ళలో ఏ భవనం ఎక్కడ లేవాలో, ఏ రోడ్డు ఎటు పోవాలో మ్యాపు గీస్తాను. వెంటనే కట్టేవాటికి ఎరుపు, తర్వాత చూద్దాం అనేవాటికి పసుపు. నేను పసుపు వేసినవాటిలో ఒక్కటీ నేలమీద లేచిన పాపాన పోలేదు. ఈసారి లైబ్రరీ వెనక నీడపట్టున, సిబ్బంది పిల్లల కోసం ఒక గది గీసి, ఎవర్నీ అడక్కుండా ఎరుపు వేశాను. ఫీజుల సెక్షన్లో గుమాస్తాగా చేసే ఓ పిల్ల ఇప్పుడు ఆరు నెలల కడుపుతో ఉంది. రోజూ భోజనాల వేళ వచ్చి మ్యాపు మీదికి వంగేది. "మన గది ఎర్రగానే ఉందా అక్కా? ఏడాదిలో కట్టేస్తారని చెబితే మావాళ్ళు ఊరుకుంటారు. లేకపోతే మానెయ్యి మానెయ్యి అని ఇప్పట్నించే ఒకటే పాట."

మ్యాపు ఖాయం చేసే కమిటీలో పద్నాలుగుమంది మగవాళ్ళు, నేను. నన్ను పిలిచింది మ్యాపు పరిచి పట్టుకోడానికి. అతిథి గృహానికి ఎన్ని అంతస్తులుండాలో గంటసేపు మాట్లాడారు. పిల్లల గది దగ్గరికి వచ్చేసరికి పెద్ద ఇంజనీరు, "ఏంటండీ ఇది, ఇక ఉయ్యాలలు కూడా మనమే ఊపాలా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఛైర్మన్ మర్యాదస్తుడు, నవ్వలేదు. "ఆడవాళ్ళ సంగతి ఆడవాళ్ళనే అడుగుదాం. ఏమ్మా, నువ్వూ ఉద్యోగం చేస్తూనే పిల్లని పెంచావుగా. ఎవరు చూసుకున్నారు?"

అడిగారు. ఇరవై రెండేళ్ళ నౌకరీలో నన్నొక మాట అడగడం అదే మొదలు. రికార్డు గది, దుప్పటి, దగ్గు, అన్నీ గొంతుదాకా వచ్చాయి. నోరు తెరిచాను.

"మా అత్తగారే పెంచారండీ."

నేను అనలేదు, నోరే అనేసింది. "విన్నారుగా" అన్నాడు ఇంజనీరు. "కాదండీ, అంటే..." అంటున్నాను. అప్పటికే వాళ్ళు కార్ల పార్కింగు మీదికి వెళ్ళిపోయారు. ఆ గది అవసరం లేదని మహిళా ఉద్యోగి కూడా అన్నట్టు రాసుకున్నారు. ఆ మధ్యాహ్నం ఎరుపు గీకేసి పసుపు వేసిందీ నా చెయ్యే.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన మురిసిపోయాడు. "అమ్మా, విన్నావా, అంతమంది పెద్దవాళ్ళ ముందు నీ పేరు చెప్పిందట!" అత్తగారు తల కూడా ఎత్తలేదు. "చెప్పకేం, ఉన్నమాటేగా" అంది. ఆవిడ అబద్ధమాడలేదు. ఇన్నేళ్ళు నేను చెప్పింది నమ్మింది, అంతే.

మర్నాడు గుమాస్తా పిల్ల మ్యాపు వైపే చూడలేదు. రాజీనామా కాగితం నా బల్ల మీద పెట్టి, "తప్పులుంటే దిద్దు అక్కా" అంది. ముత్యాల్లాంటి రాత, ఒక్క తప్పూ లేదు.

"ఎవరో ఆడమనిషే అక్కర్లేదందట గదక్కా. ఎవరై ఉంటారంటావ్?"

"నేనే" అన్నాను.

"ఊరుకో అక్కా, ఇప్పుడు కూడా వేళాకోళమేనా!" కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది.

రెండోసారి చెప్పడానికి నాకు నోరు రాలేదు.