కనకమహాలక్ష్మి తొండి ఆట

మా ఆవిడ తొండి ఆడేది. ఇందులో అనుమానం లేదు. పెళ్ళయిన ఏడాది మొదలుపెట్టి 2006 వర్షాకాలంలో చనిపోయేదాకా ఆడింది. ఒప్పుకోకుండానే పోయింది. తొండి సంగతి అలా ఉంచినా, ఒప్పుకోకపోవడాన్ని నేను క్షమించలేదు.

ఆట అష్టాచెమ్మా. మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధి అరుగు మీద సుద్దముక్కతో గళ్ళు గీసేది. గవ్వలు అంతర్వేది తీర్థంలో కొన్నవి. నా కాయలు కొబ్బరి చిప్ప ముక్కలు. ఆవిడవి గాజు ముక్కలు. ఆట మధ్యలో నేను మంచినీళ్ళకి లేచి లోపలికెళ్ళి వస్తే గళ్ళలో ఏదో మారి ఉండేది. ఏది మారిందో చెప్పలేకపోయేవాణ్ణి. మారిందని మాత్రం తెలిసేది. ఇక తన పందెం గవ్వలు పడ్డాయంటే, నేను వంగి చూసేలోపు గుప్పిట్లోకి లాగేసేది.

"ఎంత పడింది?"

"రెండండీ."

"మూడు పడినట్టుంది."

"మీకు చత్వారం వచ్చిందండీ. కళ్ళజోడు మార్చుకోండి."

మా వీధిలో ఎదురింటి మార్తమ్మగారు బళ్ళో టీచరుగా చేసి రిటైరయ్యేరు. మధ్యాహ్నం పూట మా అరుగు మీదే కూర్చుని లేసు అల్లుకునేవారు. సాక్షి అంటూ ఉంటే ఆవిడే.

"టీచరుగారూ, మీరు చూసేరు కదా? ఎంత పడింది?"

"నేను నా దారం చూసుకుంటున్నానండి అన్నయ్యగారూ."

ఎన్నిసార్లు అడిగినా దారమే. లేసు అల్లే మనిషికి పక్కన ఏం జరుగుతోందో కనపడదంటే నేను నమ్మను.

అలాగని కనకమహాలక్ష్మి ఆటగత్తె కూడా కాదు. నా కాయ ఇంటూ గీయని గడిలో, ఎవరైనా చంపుకోవచ్చన్నట్టు నిలబడి ఉంటే, చంపే పందెం పడి కూడా వేరే కాయ నడిపేది. తర్వాత నాలిక కరుచుకునేది.

"అయ్యో, చూళ్ళేదండీ."

ఆట రాదు కాబట్టే తొండికి దిగుతోందని నాకు అర్థమైంది. తొండి ఆడినా సరే, ఎక్కువసార్లు నేనే గెలిచేవాణ్ణి. తొండి ఆడే మనిషి మీద గెలవడమంటే మాటలు కాదు. ఈ మాట ఊళ్ళో అందరికీ చెప్పేను. అందరూ నవ్వేరు. మహాలక్ష్మిగారు అలాంటి మనిషి కాదండీ అన్నారు. ఆస్పత్రిలో మంచం మీద ఉన్నప్పుడు కూడా అడిగేను, ఇప్పుడైనా ఒప్పుకో అని. నవ్వింది. అంతే.

ఆవిడ పోయాక మధ్యాహ్నాలు మిగిలేయి.

2007లో మార్తమ్మగారి అమ్మాయి కరుణ సఖినేటిపల్లి రేవు దగ్గర సెల్ షాపు పెట్టింది. మనుషుల్నీ మోటారుసైకిళ్ళనీ గోదావరి దాటించి నర్సాపురం చేర్చే పంటు అక్కణ్ణించే బయల్దేరుతుంది. పంటు కోసం నిలబడినవాళ్ళకి ఏమీ తోచదు. వాళ్ళ ఫోన్లలోకి కంప్యూటర్లోంచి గేములు ఎక్కించేది. కొన్ని ఉచితం, కొన్ని టీ ఖరీదు. నేను రీచార్జికి వెళ్తే, ఉచితమే కదండీ అని నా ఫోన్లో కూడా ఒక కారు పందెం వేసింది.

మర్నాడే తిరిగి వెళ్ళేను.

"అమ్మాయ్, ఇదేం ఆట? ఒక్క మలుపు తిరిగేసరికి కారు ఆగిపోయి డబ్బులడుగుతోంది."

"అది డెమో అండి మావయ్యగారూ. ఉచితంగా వచ్చేవి అలాగే ఉంటాయండి."

"భోజనానికి పిలిచి, పప్పు వడ్డించి, కూరకి డబ్బులడుగుతారా ఎక్కడైనా?"

షాపు ముందున్న జనం నవ్వేరు. కరుణ కూడా నవ్వింది. వాళ్ళమ్మలాగే, నోరు మూసుకుని నవ్వుతుంది.

"అయితే ఒక పని చెయ్యండి మావయ్యగారూ. కొత్తగా వచ్చినవి ముందు మీరు ఆడి చూడండి. మీరు బాగుందంటేనే అమ్ముతాను."

"నాకేం పని లేదనుకున్నావా?"

"ఆయ్, లేదు కదండీ."

లేదు. బల్ల మీద కూర్చున్నాను.

ఫోన్లో మాటలన్నీ ఇంగ్లీషు. నేను ఊరి బళ్ళో చదివినవాణ్ణి. ఏది నొక్కాలో కరుణ చూపిస్తే, ఆ తర్వాత బొమ్మను బట్టి ఆడేవాణ్ణి. నా కొలత ఒకటే. పంటు ఇక్కడ కదిలినప్పుడు మొదలుపెడితే అవతలి ఒడ్డుకి తగిలేసరికి ఆట ఒక కొలిక్కి రావాలి. అంతకుముందే అయిపోతే మోసం. అప్పటికీ అవకపోతే, దిగవలసినవాడు దిగకుండా ఫోను చూస్తూ నిలబడతాడు, వెనకవాడు తిడతాడు.

నేను చెప్పింది కరుణ ఒక అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో రాసి పెట్టేది. పాము ఆట: తిన్నకొద్దీ పెరుగుతుంది, పెరిగినందుకు చస్తుంది, మనకి ఒరిగిందేమీ లేదు. చేపల ఆట: చేప పడగానే సంగీతం వస్తుంది, అంతర్వేదిలో చేపలు పట్టే పల్లెవాళ్ళకి చూపిస్తే గాలం మెడకి చుడతారు. ఇటుకల ఆట: ఒకడు కట్టిన గోడని బంతితో పగలగొట్టడం, ఇది మంచి అలవాటు కాదు. క్రికెట్: కళ్ళు మూసుకుని నొక్కినా సిక్సరే.

దేన్నీ బాగుందనలేదు. బాగోలేనిదాన్ని బాగుందని ఎలా అంటాను? కరుణ వ్యాపారం పోతుందేమోనని ఒకపక్క అనుకున్నాను. జరిగింది వేరు. అంబాజీపేట నుంచి కొబ్బరికాయల లారీ తోలే వీరబాబు వచ్చి అట్ట అంతా చదివి, నా వంక చూసి, "రాజుగారు ఎక్కువ తిట్టింది ఏదండీ? అది వెయ్యండి" అన్నాడు. అక్కణ్ణించి అందరూ అదే అడగడం మొదలుపెట్టేరు. జనానికి బుద్ధి లేదు.

ఒకరోజు కరుణ నన్ను దూరం నుంచే పిలిచింది.

"మావయ్యగారండీ! మీ ఆట వచ్చిందండి."

అష్టాచెమ్మా. ఎవరో మనవాళ్ళే తయారుచేసేరట. గళ్ళు, ఇంటూలు, నాలుగు గవ్వలు, అన్నీ ఉన్నాయి. అవతల ఆడేది ఫోను. గవ్వలు పడితే పడ్డచోటే ఉంటాయి. గుప్పిట్లోకి లాగేసే చెయ్యి లేదు. మంచినీళ్ళకి వెళ్ళొచ్చినా గళ్ళు గళ్ళలాగే ఉంటాయి.

"ఇన్నాళ్ళకి తొండి లేని ఆట దొరికింది. ఇప్పుడు తెలుస్తుంది నేనెలా ఆడతానో" అన్నాను.

ఓడిపోయాను.

మళ్ళీ ఆడేను. మళ్ళీ ఓడేను. మర్నాడూ అంతే. కాయని ఇంటూ గడిలోంచి ఒక్క అడుగు బయట పెడితే చాలు, కాచుకుని కూర్చున్నట్టు చంపేసేది. దయ లేదు, మరుపు లేదు. వారం గడిచింది. తర్వాతి వారమూ గడిచింది. ఎప్పుడో గుడ్డిగా ఒక ఆట గెలిచేను. ఫోను కూడా తొండి ఆడుతోందేమోనని గవ్వలు పడ్డప్పుడల్లా గళ్ళు వేలు పెట్టి లెక్కపెట్టేను. ఒక్క గడి తేడా రాలేదు.

కనకమహాలక్ష్మి మీద గెలిచినవాణ్ణి. తొండి ఆడే మనిషి మీద గెలిచినవాణ్ణి, తొండి ఆడని యంత్రం మీద ఎందుకు ఓడుతున్నానో అర్థం కాలేదు. ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చుంటే సయించేది కాదు.

"మావయ్యగారూ, దీని గురించి ఏం రాయమంటారండీ? అందరూ అడుగుతున్నారు" అంది కరుణ.

"ఇంకా చూడాలి."

"ఇది హార్డులో ఉందండి. అందుకే మీరు ఓడిపోతున్నారు. ఈజీలో పెడతానుండండి."

"అంటే ఏమిటి?"

"ఫోనుకి ఆట బాగానే తెలుసండి. తెలిసీ కాస్త తప్పుగా ఆడుతుంది. మిమ్మల్ని గెలవనిస్తుందండి."

"కావాలని ఓడిపోతుందా? అది ఆటా? అది తొండి."

"అదీ ఆటలో భాగమే కదండీ. చూడకుండా ఎలా చెబుతారు?"

ఆ మాట న్యాయంగానే ఉంది. పెట్టమన్నాను.

పంటు కదిలింది. నేనూ మొదలుపెట్టేను. కాసేపటికే నా కాయ ఒకటి ఖాళీ గడిలో చిక్కింది. దాని వెనక మూడో గడిలో ఫోను కాయ ఉంది. గవ్వలు పడ్డాయి. మూడు. అయిపోయిందనుకున్నాను.

ఫోను ఆ కాయని కదపలేదు. ఎక్కడో మూలనున్న ఇంకో కాయని మూడు గళ్ళు నడిపింది.

అది నాకు తెలిసిన నడక. ఆ మూల కాయని, ఆ అక్కర్లేని చోటికి, అలాగే నడిపే మనిషి ఒకరున్నారు. ఆ తర్వాత వినపడవలసిన మాట కోసం ఫోను వంక చూసేను. ఫోనుకి నోరు లేదు. చూళ్ళేదండీ అనలేదు.

ఆ ఆట గెలిచేను. ఇంకోటి గెలిచేను. మూడోది ఫోను గెలిచింది. కరుణని అడిగేను.

"గెలవనిచ్చేదైతే మధ్యలో ఇదెందుకు గెలిచింది?"

"ప్రతిసారీ మీరే గెలిస్తే అనుమానం వస్తుంది కదండీ."

ఫోను బల్ల మీద పెట్టేసి ఇంటికి వచ్చేసేను.

మార్తమ్మగారు వాళ్ళ గుమ్మంలో లేసు అల్లుకుంటున్నారు. మా అరుగు మీదకి రావడం మానేసేరు. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"టీచరుగారూ, దారం పక్కన పెట్టండి. ఆవిడ తొండి ఆడేదా, లేదా?"

నా మొహం చూసేరు. దారం ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఆడేదండి అన్నయ్యగారూ."

"నేను నీళ్ళకి వెళ్ళినప్పుడు కాయలు మార్చేదా?"

"ఆయ్. మీ కాయ చచ్చేలా ఉంటే ఇంటూ గడిలోకి జరిపేదండి. చెప్పొద్దని నాకు కళ్ళతో సైగ చేసేది."

"మూడు పడితే రెండనేదా?"

"మూడు పడితే మీ కాయ చచ్చిపోద్ది కదండీ మరి."

గుమ్మం పక్క మెట్టు మీద కూర్చున్నాను.

"ఎందుకు?"

"ఓడిన పూట రాత్రి మీరు మజ్జిగ దాకా వచ్చేవారు కారంట కదండీ. చారు దగ్గరే చెయ్యి కడిగేసుకునేవారంట. పొద్దునా సాయంత్రమూ పొలంలో తిరిగొచ్చిన మనిషి సగం కడుపుతో పడుకుంటే నాకు నిద్ర పట్టదు మార్తమ్మా, అనేది వదినగారు."

ఆవిడే మళ్ళీ అన్నారు.

"మీరు అంబాజీపేట కొబ్బరికాయల బేరానికి వెళ్ళిన రోజున ఒకసారి నాతో ఆడిందండి. నిజంగా ఆడు వదినా అన్నాను. నా కాయ ఒక్కటీ పండనివ్వలేదు. చంపిందే చంపిందండి. చంపినప్పుడల్లా చంటిపిల్లలా చప్పట్లు. మళ్ళీ మీరు వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు చెంగు సర్దుకుని గళ్ళు చెరిపేసింది."

అది నేను చూడలేదు. ఆవిడ చప్పట్లు కొట్టడం నేనెప్పుడూ చూడలేదు.

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"ఒట్టు వేయించుకుందండి. ఇప్పుడు మీరే కనిపెట్టేరు. నేను చెప్పలేదు."

దారం తీసుకుని మళ్ళీ అల్లడం మొదలుపెట్టేరు. ఆ రాత్రి మజ్జిగ పోసుకుని తిన్నాను.

మర్నాడు రేవుకి వెళ్తే కరుణ అట్టముక్కా స్కెచ్ పెన్నూ పట్టుకుని సిద్ధంగా ఉంది.

"అష్టాచెమ్మా, రాయి" అన్నాను. "బాగుంది."

రాయలేదు. నా వంక చూసింది.

"ఏమిటన్నారండీ?"

"చెవుడా? బాగుంది. పంటు దాటేసరికి అయిపోతుంది. అంతే రాయి."

"మీ ఫోన్లో మళ్ళీ హార్డులో పెట్టెయ్యనా అండి?"

"ఈజీలో ఉండనీ."

పంటు వచ్చి ఒడ్డుకి తగిలింది. జనం దిగుతున్నారు. కరుణ అట్ట మీద రాసి, నోరు మూసుకుని నవ్వుకుంటూ గోడకి తగిలించింది. వీరబాబు వచ్చి చదివి, రాజుగారికి ఒంట్లో బాగోలేదా అని అడిగేడు.

మా ఆవిడ తొండి ఆడేది. నేను చెప్పిందే నిజమైంది, సాక్షి కూడా ఒప్పుకుంది. ఇన్నాళ్ళూ నన్ను చూసి నవ్వినవాళ్ళందరిదీ తప్పు. ఎవరి వైపు ఆడిందన్నది నాకూ ఆవిడకీ మధ్య సంగతి. దాని గురించి ఎవరూ నన్ను అడగక్కర్లేదు. అడిగినా నేనిక మాట్లాడను.