మిడతకి కొత్త టర్బో

మా అమ్మకి ముక్కు మీద కోపం అని అందరూ అంటారు. అబద్ధం. ఆ కోపం నాది. అమ్మది మొండితనం. ఆ రెంటి మధ్యా నలిగేది నాన్న, అన్నయ్య.

అమ్మ డ్రైవింగ్ స్కూల్ నడుపుతుంది. మా పేటలో స్టీరింగ్ పట్టినవాళ్ళలో సగం మంది ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళే. అందరికీ టీచరమ్మ. వారమంతా పక్క సీట్లో కూర్చుని, తన వైపున్న రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని, "క్లచ్ నెమ్మదిగా వదులు నాన్నా, అదేం నీ శత్రువు కాదు" అంటూ ఎంతో ఓపికగా చెబుతుంది. ఆదివారం వచ్చిందా, ఆ ఓపికంతా ఇంట్లో వదిలేసి మిడత ఎక్కుతుంది.

మిడత అంటే మా రేసు కారు. రెండు సీట్లు, ఫైబర్ ఒళ్ళు, చిన్న ఇంజను. రేడియో లేదు, ఏసీ లేదు, తలుపులు కూడా లేవు. షెడ్డులో అడ్డంగా ఉందనిపిస్తే నేనూ అన్నయ్యా వెనక భాగం ఎత్తి పక్కకి జరిపేస్తాం. అంత తేలిక. అన్నయ్య ఇంజన్ల మెకానిక్. నాన్న సీట్లూ లోపలి గుడ్డలూ కుట్టే పని చేస్తాడు. నేను కారులో ఉండే కంప్యూటర్‌కి ల్యాప్‌టాప్ తగిలించి, ఎంత గాలికి ఎంత పెట్రోలు పోవాలో, నిప్పు ఎప్పుడు పడాలో సరిచేస్తాను. ఒకే షెడ్డు, మూడు బల్లలు, రోజుకో గొడవ.

పోయిన ఏడాది పోటీలో నాలుగో మలుపు దగ్గర మిడత గిర్రున తిరిగి టైర్ల గోడకి గుద్దుకుంది. అమ్మకి భుజం దగ్గర ఎముక విరిగింది. కట్టు విప్పించుకుని వస్తూ వస్తూనే, ఇంజనుకి ఊపిచ్చే టర్బో సంగతి ఎత్తింది. పాతది అరిగిపోయి ఇంజనాయిల్ తాగుతోంది, వెనకంతా నీలం పొగ. పైగా ఈసారి అర్హత సమయం బాగా బిగించేశారు. ఆ సమయంలోగా ఒక చుట్టు పూర్తిచేయని బండికి పోటీలో చోటు లేదు.

"పెద్ద టర్బో పెట్టండి," అంది అమ్మ. "దాంతో కూడా నాకు కుదరకపోతే ఇంక మానేస్తాను. హెల్మెట్ ఎవరికైనా ఇచ్చేస్తా."

ఊరికే అనే మనిషి కాదు. అంటే చేస్తుంది.

మా ఇంట్లో అమ్మకి ఎదురుచెప్పే అలవాటు లేదు. ముగ్గురం బుద్ధిగా తలాడిస్తాం. ఆ తర్వాత ఎవరికి తోచింది వాళ్ళు చాటుగా చేసుకుంటాం. ఒకసారి హాలుకి ముదురాకుపచ్చ రంగు వేయమంది. భేషుగ్గా ఉంటుందన్నాం. అన్నాక ఎవరికి వాళ్ళం, మిగతా ఇద్దరికీ తెలియకుండా, డబ్బాలో కాస్త తెల్లరంగు కలిపాం. మా హాలు ఇప్పటికీ ఆసుపత్రి వరండాలా ఉంటుంది.

టర్బోకీ అలాగే తలాడించాం.

పని మాత్రం సరదాగా సాగింది. పాత టర్బో బోల్టులు తుప్పు పట్టి కదలమని భీష్మించుకున్నాయి. అన్నయ్య వాటికి నూనె పోసి, వేడి పెట్టి, బతిమాలి, తిట్టి, చివరికి ఊడదీశాడు. కొత్తది చేతిలోకి తీసుకుంటే ముచ్చటేసింది. నత్తగుల్లలా మెలితిరిగిన రెండు లోహపు గూళ్ళు, ఒక్కోదాంట్లో ఒక్కో చక్రం. ఇంజను వదిలే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీదున్న రెండో చక్రం బయటి గాలిని పట్టి ఇంజన్లోకి కూరుతుంది. ఎంత గాలి కూరితే అంత పెట్రోలు మండుతుంది, బండి అంత ఉరుకుతుంది. అమ్మ వేలి చివరతో చక్రాన్ని మీటి, అది ఆగకుండా తిరుగుతుంటే చిన్నపిల్లలా చూస్తూ నిలబడింది.

అన్నయ్య కొత్త ఆయిల్ గొట్టాలు వేశాడు, గాలి పైపులకి క్లిప్పులు బిగించాడు. గోదాముల వెనకున్న ఖాళీ రోడ్డు మీద అమ్మ నడుపుతుంటే నేను పక్కన ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని అంకెలు సరిచేశాను. నాన్న సీటు కొత్తగా కుట్టాడు. అర్హత పరీక్షకి ముందు రోజు లోపల కొత్త మ్యాట్ పరిచి, "ఇప్పుడు పెళ్ళికూతురిలా ఉంది," అని మురిసిపోయాడు.

పరీక్ష రోజున ప్రతి బండికీ రెండు అవకాశాలు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. పొద్దున అమ్మ వెళ్ళింది, వచ్చింది. టైం చూసే ఆయన కూడా అమ్మ దగ్గర కారు నేర్చుకున్నవాడే. ఇప్పటికీ ఆమెని చూస్తే కుర్చీలో నిటారుగా కూర్చుంటాడు. పాపం, తల దించుకుని చెప్పాడు. చాలలేదు. పాత టర్బోతో నడిపినప్పటికంటే కూడా వెనకబడింది.

అమ్మ హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

నేను గబగబా ల్యాప్‌టాప్ తగిలించి, పరుగంతా నమోదైన గీతలు చూశాను. గాలి సరిగ్గా ఉంది, పెట్రోలు సరిగ్గా ఉంది. యాక్సిలరేటర్ గీత మాత్రం చుట్టంతా ఎక్కడా నూటికి ఎనభై దాటలేదు. తిన్నటి దారిలో కూడా.

"అమ్మా, నువ్వు పూర్తిగా తొక్కట్లేదు," అన్నాను.

"ఏంటీ?"

"యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కట్లేదు. ఇదిగో, ఇక్కడ కనిపిస్తోంది. భయపడుతున్నావేమో. తప్పేం లేదమ్మా, దెబ్బ తగిలాక ఎవరికైనా..."

అంత తియ్యగా మాట్లాడటం నాకు చేతకాదు. అయినా ప్రయత్నించాను. అమ్మ ముఖం ఎర్రబడింది. బండి దిగి సీటు చూపించింది.

"ఎక్కు. తొక్కు."

ఎక్కాను. తొక్కాను. పెడల్ కొంత దూరం పోయి ఆగిపోయింది.

"ఇంకా తొక్కు."

"ఇంతే పోతోందమ్మా."

అమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. నేను తల కిందకి దూర్చి చూశాను. పెడల్ వెనక మ్యాట్ కాస్త ఉబ్బెత్తుగా ఉంది. ఎత్తితే అడుగున ఒక రబ్బరు ముక్క. పాత చెప్పు అట్ట. గుండ్రంగా కోసి, పైన నల్లగుడ్డ తొడిగి, చుట్టూ కుట్టు వేసి మ్యాట్‌కి కలిపేశారు. ఎక్కడా ఒక్క పోగు లేవలేదు. అంత సన్నని కుట్టు ఈ చుట్టుపక్కల ఒక్క చేతికే వచ్చు.

ఆ చేతులు వెనక్కి కట్టుకుని, మబ్బు పడుతుందేమో అన్నట్టు నాన్న ఆకాశం చూస్తున్నాడు.

"ఏవండీ," అంది అమ్మ.

"కాలికి మెత్తగా ఉంటుందనీ..." నాన్న నీళ్ళు నమిలాడు.

అన్నయ్యకి నవ్వాగలేదు. పొట్ట పట్టుకుని టూల్‌బాక్సు మీద కూలబడ్డాడు. "మెత్తగానా! నాన్నా, ఎవరైనా వింటే..."

నాన్నకి రోషం వచ్చింది. "నువ్వు నవ్వకురా! టర్బోతో వచ్చిన స్ప్రింగు జేబులో ఎందుకు పెట్టుకు తిరుగుతున్నావో మీ అమ్మకి చెప్పు ముందు."

నవ్వు అక్కడికక్కడే ఆగిపోయింది.

ఆ స్ప్రింగు సంగతేమిటంటే, టర్బోకి ఒక చిన్న తలుపుంటుంది. చక్రం మితిమీరి తిరగకుండా, ఎక్కువైన పొగని ఆ తలుపు పక్కదారి పట్టిస్తుంది. తలుపుని మూసిపెట్టి ఉంచేది స్ప్రింగు. గట్టిదైతే తలుపు ఆలస్యంగా తెరుచుకుంటుంది, మెత్తదైతే ఊరికే తెరుచుకుని పొగని వదిలేస్తుంది. మా అన్నయ్య గట్టిది తీసి మెత్తది వేశాడు.

నేను ఒంటికాలి మీద లేచాను. "ఇన్నాళ్ళూ నేను ఆ అంకెలతో తల బద్దలు కొట్టుకుంటుంటే, నంగనాచిలా పక్కనే ఉండి..."

"ఆగాగు చెల్లాయ్," అన్నాడు వాడు నెమ్మదిగా. "స్ప్రింగు మెత్తదైతే గాలి ఒత్తిడి తగ్గిపోవాలి. నీ ల్యాప్‌టాప్‌లో మొదటి రోజే కనపడాలి. ఎందుకు కనపళ్ళేదు?"

నేను ల్యాప్‌టాప్ మూత వేసేశాను.

ఎందుకంటే ఒత్తిడి ఒక హద్దు దాటకుండా నేనే కంప్యూటర్లో కట్టేశాను. నిప్పు పడే సమయం కూడా కాస్త వెనక్కి జరిపాను. నేను తక్కువ అడిగాను, వాడు తక్కువ ఇచ్చాడు, రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి చక్కగా కూర్చున్నాయి. నా దొంగతనం వాడి దొంగతనాన్ని కప్పేసింది. ఆ గీతలు చూసుకుని, ఎంత పొందిగ్గా కుదిరిందో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

ముగ్గురం తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డాం. అమ్మ అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది.

"నేర్చుకునేవాళ్ళకి నేనూ పక్కనుంచి బ్రేకు వేస్తాను," అంది. "కానీ వేసినప్పుడల్లా చెప్తాను. ఇప్పుడు ఆపింది నేను, నువ్వు కాదు అని. చెప్పకపోతే వాళ్ళకి ఎప్పటికీ తెలీదు, బండి ఎవరు నడుపుతున్నారో." బండి మీద చెయ్యి వేసింది. "ఇందాక తిరిగొస్తూ ఏమనుకున్నానో తెలుసా? బండి బాగానే ఉంది, నా పనే అయిపోయింది అనుకున్నా. నాకే తెలీకుండా నా కాలు వెనక్కి తగ్గుతోందేమో అనుకున్నా. హెల్మెట్ ఎవరికివ్వాలా అని కూడా ఆలోచించేశాను."

నాకు ఏడుపొచ్చింది. కోపం వచ్చినంత తొందరగా నాకు ఏడుపు రాదు. అప్పుడు మాత్రం వచ్చింది. ఆమె ఎముక మళ్ళీ విరగకూడదనుకున్నాం. ఆమెనే విరిచేయబోయాం.

"విప్పండి," అంది అమ్మ.

విప్పాం. నాన్న తన కుట్టు తనే బ్లేడుతో తెగ్గోశాడు. ఇంజను ఇంకా కాలుతూనే ఉంది. అన్నయ్య తడిగుడ్డ చుట్టుకున్నా వేళ్ళు చురుక్కుమనిపించుకుంటూ, "అబ్బా" అంటూనే గట్టి స్ప్రింగు ఎక్కించాడు. నేను ఒత్తిడి పెంచాను, నిప్పుని దాని సమయానికి జరిపాను, పెట్రోలు సరిచేశాను. అమ్మ నా భుజం మీంచి ప్రతి అంకే చూసింది. ఏది ఎందుకు మార్చానో అడిగింది. అడిగినదానికల్లా చెప్పాను.

మధ్యాహ్నం ఆమె వంతు వచ్చింది. మేం కంచె పట్టుకుని నిలబడ్డాం. మిడత బయల్దేరిన తీరే వేరు. ముందు ఇంజను మోత, దాని మీంచి సన్నగా లేచే టర్బో ఈల, గేరు మార్చినప్పుడల్లా తుస్సుమనే గాలి. నాలుగో మలుపు దగ్గరకి రాగానే నాన్న కళ్ళు మూసుకున్నాడు. నేను మూసుకోలేదు. వెనక చక్రాలు ఒకసారి జారాయి. అమ్మ స్టీరింగ్ ఇంతే ఇంత తిప్పి బండిని దారిలో పెట్టి, మళ్ళీ తొక్కింది. ఆ ఈల తిన్నటి దారి చివరిదాకా సాగిపోయింది.

మైకులో టైం చూసే ఆయన గొంతు ఖంగుమంది. "టీచరమ్మగారు పాసయ్యారు!"

నాన్న నన్ను పట్టుకుని గెంతాడు. అన్నయ్య కాలిన వేళ్ళతోనే చప్పట్లు కొట్టి మళ్ళీ "అబ్బా" అన్నాడు.

మేం పరుగెత్తేసరికి అమ్మ ఇంకా సీట్లోనే ఉంది. స్టీరింగ్ మీద చేతులు గడగడా వణుకుతున్నాయి. నాన్న కంగారుపడిపోయాడు. "ఏమైంది? నొప్పిగా ఉందా?"

"భయమేసిందండీ," అంది అమ్మ. "ఆ మలుపులో ప్రాణం గొంతులోకొచ్చింది." అని, పకపకా నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "పొద్దున అసలు భయమే వేయలేదు. ఇంట్లో కుర్చీలో కూచున్నట్టే ఉంది. నా బదులు కూడా మీరే భయపడిపోతే ఇంక నాకేం మిగిలింది, చెప్పండి?"

నాన్న వంగి, ఆమె చేతి మీద చెయ్యి వేశాడు. "నాకు మాత్రం చాలా భయంగా ఉందే," అన్నాడు. అంతమంది ముందు, అంత బాహాటంగా, ఆయన ఆ మాట అనగా నేనెప్పుడూ వినలేదు.

"ఉండనివ్వండి," అంది అమ్మ. "నాకూ ఉంది."

ఆ తర్వాత తల తిప్పి నా వైపు చూసింది, నా చంకలో ఉన్న ల్యాప్‌టాప్ వైపు చూసింది.

"రేపు పోటీ. దీంట్లో ఇంకా ఏమైనా మిగిలుందా?"

అన్నయ్య నన్ను చూశాడు. నేను నాన్నని చూశాను. నాన్న నేల చూస్తున్నాడు. లేదమ్మా, ఇంతే అనడానికి నాకు ఒక్క మాట చాలు. అంకెలు చదవడం మా ఇంట్లో నాకొక్కదానికే వచ్చు.

"ఉందమ్మా," అన్నాను. "ఇంకొంచెం ఉంది."

"అయితే పెట్టు."

పెట్టాను.