పాలపళ్ళ తల్లి

ఎద్దు వయసు అడిగి తెలుసుకునేది కాదు, నోరు తెరిచి చూసి తెలుసుకునేది. శేషారెడ్డి నలభై ఏళ్ళుగా సంతల్లో రెండు పళ్ళ కోడెలనీ, ఆరు పళ్ళ ఎద్దులనీ చూసి కొన్నవాడు. ఒక్కసారీ మోసపోలేదు. బేతంచెర్ల దగ్గర నాపరాళ్ళ గని కొన్నాక కూడా ఆయన చూపు మారలేదు. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళను గనిలో పెట్టకూడదని కొత్త చట్టం వచ్చిందనీ, ఇన్‌స్పెక్టరు దిగుతాడనీ కబురందగానే కూలోళ్ళందరినీ వరసగా నిలబెట్టి నోళ్ళు తెరవమన్నాడు. ఆయనకు తెలిసిన చట్టం అదొక్కటే మరి.

ఆ వరసలో కృపమణి ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి. మొగుడు సుందరం విషజ్వరంతో పోయి రెండేళ్ళయింది. పన్నెండేళ్ళ కూతురు జ్ఞానమణి మిషన్ బడిలో ఆరో తరగతి చదువుతోంది. ఆ పిల్ల మాత్రం రాళ్ళ గంప ఎత్తకూడదని కృపమణి పంతం. అందుకోసమే రోజూ ఆ గంప తను ఎత్తుతోంది.

రెడ్డికి ఆమెను తాకడానికి మనసొప్పక, వేపపుల్లతో పెదవి పైకెత్తి చూశాడు.

"అన్నీ పాలపండ్లే. ఇంటికి పో పాపా. పెద్దదానివైనాక రా."

"నాకు పన్నెండేండ్ల కూతురుండాది రెడ్డీ."

"ఉంటే ఉండనీ. పెద్ద పండ్లు ల్యావు గదా."

మరునాడు కృపమణి కూతురిని వెంటబెట్టుకుని, మిషన్ గుడి అయ్యగారు లేవి రాసిచ్చిన బాప్తిస్మం చీటీ తెచ్చి చూపించింది. పుట్టిన తేదీ, నెల, సంవత్సరం అన్నీ అందులో ఉన్నాయి. రెడ్డి దాన్ని మడిచి వెనక్కిచ్చాడు.

"కాయితం మనిషి రాస్తాడు మే. పండ్లు దేవుడిస్తాడు."

అంతటితో ఆగినా బాగుండు. అలవాటు కొద్దీ రెడ్డి జ్ఞానమణిని కూడా నోరు తెరవమన్నాడు. చూడగానే ఆయన ముఖం విప్పారింది.

"ఇదీ నోరంటే! దవడపండ్లు గూడా నిండినాయి. రేపట్నించి దీన్ని పంపు. నీ పని దీనికిస్తా, పస్తులుండబాకండి."

ఆయన దయతోనే అన్నాడు. కృపమణి మాత్రం కూతురి చెయ్యి పట్టి వెనక్కి లాక్కుంది.

అయ్యగారే ఆమెను రైలెక్కించి కర్నూలులో పళ్ళ డాక్టరుకు చూపించాడు. డాక్టరు ఆమె దవడకు ఎక్స్‌రే ఫొటో తీయించి చాలాసేపు చూశాడు. తర్వాత రెండు భుజాలూ ముందుకు తెచ్చి కలపమన్నాడు. తలుపు రెక్కల్లా అవి దగ్గరకొచ్చి కలిశాయి. డాక్టరు పక్కగదిలోంచి ఇంకో డాక్టరును పిలిచి చూపించాడు. పుస్తకంలో చదివింది కళ్ళారా చూసినందుకు ఇద్దరూ చాలా సంతోషించారు.

"పుట్టుకతో వచ్చిందమ్మా ఇది. భుజాల ముందు ఉండాల్సిన ఎముకలు నీకు లేవు. పెద్ద పళ్ళు మాత్రం అందరికంటే ఎక్కువే ఉన్నాయి. ముప్పై ఎనిమిది. అన్నీ దవడలోనే అడ్డదిడ్డంగా ఇరుక్కుపోయాయి."

"ఎప్పుడొస్తాయి సామీ?"

"రావు. నువ్వు తినాల్సింది ఈ పాలపళ్ళతోనే. వీటిని కాపాడుకో. ఎవరు చెప్పినా పీకించుకోకు."

ఆ ఫొటో తీసుకుని ఆమె కొండంత ఆశతో గనికి పోయింది. రెడ్డి దాన్ని ఎండకెత్తి పట్టి, వేలితో ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. ముప్పై ఎనిమిదీ లెక్కకు వచ్చాయి.

"దేవుడిచ్చినేటివి లోపలుండాయి రెడ్డీ."

"ఉండాయిలే, కాదన్లా. దూడ పుట్టకముందే పలుపు కొంటామా? బయటికి రానీ, చూస్తాం." ఫొటో ఆమెకిచ్చి, "పాపను ఎప్పుడు పంపుతాండావు?" అన్నాడు.

మూడు రోజులు కృపమణి గని గట్టున నిలబడి, పళ్ళూడిన ముసలోళ్ళు గంపలెత్తడం చూసింది. నాలుగో రోజు సంతకు పోయి, పళ్ళు పీకే సాయిబు ముందు కూర్చుంది.

"ఏది నొస్తాంది?" అన్నాడు సాయిబు.

"అన్నీ."

సాయిబు వేలు పెట్టి కదిలించి చూశాడు. "గట్టిగుండాయి గదమ్మా. గట్టి పండ్లు పీకితే నాకు పాపం."

"పాపం నేను మోస్తా. పీకు."

ఆ సంతలో ఆరు, పై సంతలో ఆరు. దవడపళ్ళు కాన్పప్పుడే పుచ్చి రాలిపోయాయి కాబట్టి అంతటితో నోరు ఖాళీ అయింది. జ్ఞానమణి ఉప్పునీళ్ళు కాచి ఇస్తూ ఏడ్చింది. కృపమణికీ ఏడుపొచ్చింది కానీ, నోరు తెరిస్తే రక్తం వస్తుందని ఆపుకుంది.

పుండు మానాక మళ్ళీ వరసలో నిలబడింది. బుగ్గలు లోపలికి పోయి, గడ్డం ముందుకొచ్చింది. రెడ్డి అదే వేపపుల్లతో పెదవి ఎత్తాడు.

"ఒక్కటీ ల్యా. అరవైకి తక్కువుండదు" అని పుస్తకంలో రాయించి, పనిలోకి పొమ్మన్నాడు. మొన్నటి పాప నెల తిరక్కుండా అవ్వ ఎలా అయిందని ఆయన అడగలేదు. నోరు చెప్పింది, ఆయన విన్నాడు.

ఇన్‌స్పెక్టరు శనివారం మధ్యాహ్నం వచ్చాడు. ఒంటిపూట బడి. జ్ఞానమణి సంగటి చట్టి నెత్తిన పెట్టుకుని అప్పుడే గని గట్టు దిగుతోంది. ఇన్‌స్పెక్టరు పుస్తకంలో అరవై అన్న అంకె చూశాడు, గంప దించుతున్న కృపమణి నల్లటి జుట్టు చూశాడు. ఆయనకు ఎక్కడో పొంతన కుదరలేదు.

"ఎవరీ పిల్ల? నీకేమవుతుంది?"

కూతురంటే పుస్తకం అబద్ధం, పని పోతుంది. కృపమణి నోరు తెరిచింది. కని పన్నెండేళ్ళు పెంచినదాన్ని కాదని ఎలా అంటుంది?

జ్ఞానమణి తల్లి వంక ఒక్కసారి చూసి, చట్టి కింద పెట్టింది.

"అవ్వా, సంగటి తెచ్చినా. తిందువు రా."

ఇన్‌స్పెక్టరు ఆ ఖాళీ నోటిని చూసి తల ఊపాడు. "బడికి పోతున్నావా?"

"ఆరో తరగతి సార్."

"మంచిది. ఈ వయసులో కూడా మీ అవ్వ నీ కోసం రాళ్ళు మోస్తోంది. బాగా చూసుకో."

"చూసుకుంటా సార్."

ఆయన పుస్తకంలో సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. తల్లీకూతుళ్ళు బండ నీడన కూర్చున్నారు. సంగటికి పళ్ళతో పని లేదు, ముద్ద చేసి మింగడమే. ఆ పూట కృపమణి చేసిన ముద్దలన్నీ కూతురి నోట్లోనే పెట్టింది.