నూలు దాటిన చైను

లూదియా సైకిలు చైను పదకొండు నెలలకే అరిగిపోయింది. ఆఫీసు లెక్క ప్రకారం అది మూడేళ్లు రావాలి. తగాదా అంతా అక్కడే మొదలైంది.

లూదియాది నంద్యాల. నర్సు శిక్షణ పూర్తి చేసి, ఆళ్లగడ్డ తాలూకాలో ఏడు ఊర్లకు ఏఎన్ఎమ్‌గా వచ్చింది. కాన్పులు చేయడం, బాలింతలను చూడడం, పిల్లలకు టీకాలు వేయడం ఆమె పని. 1980 సెప్టెంబరులో ఆఫీసువాళ్లు ఆమెకొక కొత్త లేడీస్ సైకిలు ఇచ్చారు. ఆడమనిషి సైకిలెక్కి ఊర్ల మీద తిరిగితే వానలు పడవని బొమ్మనపల్లెలో ఒక పెద్దమనిషి రచ్చబండ మీద కూర్చుని తీర్పు చెప్పాడు. ఆ ఏడు వానలు విరగబడి కురిశాయి. ఆయన మళ్లీ నోరెత్తలేదు.

వానలు ఆయన నోరు మూయించాయి గానీ సైకిలుకు మాత్రం గండం తెచ్చాయి. ఆ దారులన్నీ నల్లరేగడి. తడిస్తే పిండిముద్దలా చక్రాలకు చుట్టుకుంటుంది, ఎండితే ఇసుకలా రాలుతుంది. చైను మీదుండే రేకు కవరు నిండా బురద పట్టేస్తుంటే లూదియా దాన్ని విప్పి ఇంట్లో పెట్టింది. చీర చెంగు, కుచ్చిళ్లు బిగించి దోపుకుని, వెనక క్యారియరుకు టీకాల ఫ్లాస్కు కట్టుకుని, బురద గీకడానికి ఒక కందికట్టె దగ్గర పెట్టుకుని తిరిగేది.

1981 ఆగస్టులో ఒకరోజు కాలువ గట్టు ఎక్కుతుంటే చైను పళ్ల మీద టకటకా ఎగిరి ఊడిపోయింది. లూదియా మోకాళ్ల మీద పడింది. ఫ్లాస్కు పగల్లేదు గానీ, ఆమె సైకిలు నడిపించుకుని ఊరు చేరేసరికి లోపల ఐసు కరిగి నీళ్లయింది. ఐసు కరిగితే ఆ మందు పనికిరాదు. పొద్దున్నుంచి పిల్లలను చంకనేసుకుని కాచుకున్న తల్లులు "రేపు కూలికి పోవల్ల సిస్టరూ" అంటూ లేచి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రమే ఆమె కొత్త చైను కావాలని అర్జీ రాసింది. నాలుగు రోజులకు అర్జీ తిరిగొచ్చింది, దాని వెంట ఒక మెమో. సంతకం సూపర్‌వైజరు గురుస్వామిది. చైనుకు మూడేళ్లు ఆయుష్షని రిజిస్టరులో ఉందట. పదకొండు నెలల్లో అరిగిందంటే సైకిలును బయటివాళ్లకు అద్దెకిచ్చి ఉండాలట. అప్పుడు ఏడు ఊర్లు తిరిగినట్టు ఆమె రాసిన టూరు డైరీ కూడా అబద్ధమే కావాలట. వారంలోగా సంజాయిషీ ఇచ్చుకోకపోతే ఉద్యోగం ఖాయం చేయడం కుదరదట. ప్రొబేషను ముగియడానికి ఇంకా రెండు నెలలే ఉంది.

ఆదివారం నంద్యాలకు వెళ్లినప్పుడు తల్లి జీవమ్మ మెమో సంగతి విని, "ఒక చైను నువ్వే కొని ఏసుకో పాపా, వాళ్లతో మనకెందుకు?" అంది.

"నేను కొంటే తప్పు ఒప్పుకున్నట్టే గదమ్మా."

"ఒప్పుకుంటే ఏమైతాది?"

"నేను పోయిన ఊర్లకు పోలేదని అయితాది."

 జీవమ్మ జీవితమంతా ఒకరి చేలల్లో కలుపు తీసింది. చేసిన పనిని చేయలేదంటే ఎట్లా ఉంటుందో ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

సోమవారం లూదియా ఆళ్లగడ్డలో ఇస్సాకు షాపుకు సైకిలు నడిపించుకుంటూ వచ్చింది. నంద్యాల రోడ్డు పక్కన రేకుల పందిరి, కింద నూనె తాగి నల్లబడిన నేల. ఇస్సాకుకు యాభై అయిదు దాటాయి. ముప్పై ఏళ్లుగా సైకిళ్లే బాగుచేస్తున్నాడు. తమ చర్చి సంఘంలో పెద్దవాడని లూదియా ఆయన్ను చిన్నాయనా అని పిలుస్తుంది.

ఇస్సాకు చైను మీద వేలు పెట్టి తీసి, వేలు వాసన చూశాడు.

"ఏంది పాపా ఇది? ఆముదమా?"

"అవును చిన్నాయనా. అమ్మ పొయ్యమంది."

"చైనుకు తలంటుతాండావా? సాంబ్రాణి పొగ గూడా ఏసుంటివా?"

పక్కనే టీ తాగుతున్న రంగయ్య గట్టిగా నవ్వాడు. రంగయ్య రాతిపనివాడు. నాలుగు ఇండ్ల అవతల విగ్రహాలు చెక్కుతాడు. నవ్వొచ్చినప్పుడల్లా అతని మీసాల మీది రాతిపొడి రాలుతుంది.

"ఆముదం జిగటమ్మా. దుమ్మును పిలిచి కూచోబెడతాది. కిరసనాయిల్లో కడిగి, ఆరబెట్టి, మిషను నూనె చుక్క చుక్క ఏసి, పైనంతా తుడిచెయ్యల్ల. నూనె లోపల ఉండల్ల, పైన కాదు" అన్నాడు ఇస్సాకు. అంతలో ఆయన వేళ్లు ఒకచోట ఆగాయి. "లింకులు తీసిందెవురు?"

"శిరివెళ్ల దారిలో ఒకాయన. వదులైందని రెండుసార్లు తీసినాడు."

"చెప్పు అరిగిందని మడమ కోసుకుంటారా ఎవురన్నా! చైను సాగదు పాపా. ఇనుము యాడన్నా సాగుతాదా? లోపల పిన్నులు అరుగుతాయి. ఒక్కో పిన్ను కాడ వెంట్రుకంత సందు. నూరు వెంట్రుకలు కలిస్తే జడ. లింకు తీస్తే పొడుగు తగ్గుతాది గానీ, ఆ సందు యాడికి పోతాది?"

ఆయన చైను విప్పి, కిరసనాయిల్లో ముంచి కడిగి, పందిరి మూలకు తీసుకెళ్లాడు. అక్కడ జానెడు వెడల్పు నల్లరాయి ఒకటి దిమ్మె మీద పరిచి ఉంది. ఒక చివర సీసం పోసి బిగించిన మేకు. ఆ మేకు నుంచి సరిగ్గా అడుగు దూరంలో ఒక సన్నని గీత. ఆ గీత తర్వాత, అంగుళంలో ఎనిమిదో వంతు అవతల, ఇంకొక గీత. ఆ ఎనిమిదో వంతునే పనివాళ్లు నూలంటారు. వెనకటికి చెక్క మీద మేకులు కొట్టుకునేవాడట. వానకు చెక్క ఉబ్బి కొలత తప్పుతోందని రంగయ్య చేత రాయి మీద గీయించుకున్నాడు. దేవుళ్లకు కళ్లు గీసే ఉలితోనే ఆ రెండు గీతలూ గీశానని రంగయ్య ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ఇస్సాకు చైను ఒక కొసను మేకుకు తగిలించి, గట్టిగా లాగి పట్టి, ఇరవైనాలుగు లింకులు లెక్కపెట్టాడు. "కొత్త చైనుకు ఇరవైనాలుగో లింకు మొదటి గీత మీద నిలబడతాది. అది బాప్తిస్మం. రెండో గీతకొచ్చిందంటే అది సమాధి. ఆపైన తొక్కితే పళ్లను గూడా తనతో తీసకపోతాది. నీది చూడు."

లూదియా వంగి చూసింది. ఇరవైనాలుగో లింకు రెండో గీతను కూడా దాటి, ఇంకొక అర నూలు అవతల ఉంది.

ఇస్సాకు చైను వదిలి గోడ వైపు తిరిగాడు. అక్కడ పాత చైన్లు వేలాడుతున్నాయి. ఒక్కోదానికీ ఒక రేకుముక్క. దాని మీద మనిషికొక గుర్తు బొమ్మ, ఎన్ని నెలలొచ్చిందో గీతలు. తపాలా ఆయనది ఇరవైరెండు నెలలు. పాలాయనది పద్నాలుగు. ఇంటి ఎదురుగానే బడి ఉన్న ఒక అయ్యవారిది ఏడేళ్లు.

"ఈ గోడ మీద పన్నెండు నెలల లోపల సచ్చిన చైను ఒక్కటి గూడా లేదు. యాడ యాడ తిరుగుతాండావు పాపా నువ్వు?" అన్నాడు ఇస్సాకు.

 పదకొండు నెలల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే. లూదియా సంచిలోంచి మెమో తీసి చదివి వినిపించింది.

"ఇదంతా ఒక కాగితం మీద రాసియ్యి చిన్నాయనా. సంజాయిషీకి జత చేస్తా."

"నాకు రాత యాడొస్తాది? రాయి మోసకపోయేదానికి లేదు. సారునే ఈడికి పిల్చుకురా."

గురుస్వామి వస్తాడని లూదియాకు నమ్మకం లేదు. అయినా మర్నాడు ఆఫీసుకు వెళ్లి, చేతులు కట్టుకుని, "సార్, సంజాయిషీ నోటితో చెప్పేది కాదు, కంటితో చూడాల్సింది" అంది. ఆ పిల్ల ధైర్యానికి ఆశ్చర్యపడో, లేక అసలు గుట్టు బయటపెడదామనో, గురువారం ఆయన తన సైకిలు మీదనే షాపుకు వచ్చాడు. ఆకుపచ్చ సైకిలు తళతళ మెరుస్తోంది. గంట మోగించకుండా ఆయన ఎక్కడా దిగడు.

ఇస్సాకు రాయి చూపించాడు, గోడ చూపించాడు. గురుస్వామి రెండూ చూసి తల అడ్డంగా ఊపాడు.

"అరిగిందనేది నేను కాదనలేదప్పా. ఎవరు తొక్కితే అరిగింది అనేదే నా ప్రశ్న. ఎవడో పాల క్యాన్లు ఏసుకుని తొక్కింటాడు."

"క్యాన్లు మోసుంటే వెనక ఇరుసు పోయుండాల సార్. తిప్పి చూడండి, గింగిరాలు తిరుగుతాది. ఇంగ ఈ సీటు బోల్టు చూడండి. సైకిలు ఇచ్చిననాడు బిగించింది, తుప్పు పట్టి అట్లే కూచునుంది. స్పానరు తగిలిన గీత గూడా లేదు. ఈ ఎత్తుకు ఈయమ్మ కాళ్లే సరిపోతాయి. మొగోడెవడన్నా ఎక్కితే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. సర్కసోడైతే తప్ప తొక్కలేడు."

ఆరోజూ పక్కనే టీ తాగుతున్న రంగయ్య మీసాల నుంచి పొడి రాలింది.

గురుస్వామి వంగి బోల్టును గోటితో గీకి చూశాడు. తుప్పు గోటికంటుకుంది. అయినా పట్టు వదలలేదు.

"మూడేళ్లని ఊరికే రాస్తారా రూల్లో? నాది మూడేళ్లు దాటింది. నేను తిరగలేదా? నెలకు ఇరవై రోజులు క్యాంపే. నా చైను ఎట్లుండాదో చూడు. అదీ, జాగ్రత్తగా వాడుకోవడమంటే!"

"చూడమంటారా సార్?"

"చూడు!"

ఇస్సాకు ఆకుపచ్చ సైకిలును పడుకోబెట్టి చైను విప్పాడు. కడగాల్సిన అవసరమే రాలేదు. మేకుకు తగిలించాడు, లాగి పట్టాడు, పైకి వినిపించేట్టు ఒకటి నుంచి ఇరవైనాలుగు దాకా లెక్కపెట్టాడు.

ఇరవైనాలుగో లింకు మొదటి గీత మీద, ఆ పక్కకో ఈ పక్కకో వెంట్రుక కూడా జరక్కుండా నిలబడింది.

 రంగయ్య టీ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. రోడ్డు మీద నంద్యాల బస్సు హారను కొడుతూ వెళ్లింది. గురుస్వామి ఆ లింకును చూశాడు, పక్కనున్న లూదియా చైనును చూశాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

లూదియాకు ఆయన్ను చూస్తే జాలేసింది. గెలిచానన్న సంతోషం ఇంకా మనసుకు చేరకముందే ఆమె నోట ఒక మాట వచ్చేసింది. "సారు మా ఊర్లకు బస్సులో వస్తారు చిన్నాయనా. అందుకే అరగలేదు."

ఆ ఏడు ఊర్లలో ఒక్కదానికీ బస్సు లేదు. ఆ సంగతి అక్కడున్న నలుగురికీ తెలుసు. అనేశాక లూదియాకు కూడా గుర్తొచ్చి తల దించుకుంది.

ఇస్సాకు నవ్వలేదు. చైనును మళ్లీ ఆకుపచ్చ సైకిలుకే ఎక్కించి, రెండు చుక్కలు నూనె వేసి, గుడ్డతో తుడిచాడు. "మీ చైను భేషుగ్గా ఉండాది సార్. ఇంగా పదేండ్లు ఢోకా లేదు" అన్నాడు.

గురుస్వామి జేబులోంచి పెన్ను తీశాడు. "అర్జీ ఇట్లీయమ్మా."

"చైనొక్కటే రాస్తే చాలదు సార్. వెనక ఫ్రీవీలు గూడా రాయండి. పళ్లు కొడవలి మొనల్లాగ అరిగినాయి. పాత పళ్ల మీద కొత్త చైనంటే పాత అత్త ఇంటికి కొత్త కోడలొచ్చినట్లే. ఒక్కపూట పడదు" అన్నాడు ఇస్సాకు.

గురుస్వామి రెండూ రాశాడు. మెమో అడిగి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. సైకిలు స్టాండు తీసి, ఎక్కకుండా నిలబడి అడిగాడు. "కొత్త చైను ఏసినాక మొదట ఏ ఊరు?"

"బొమ్మనపల్లె సార్. ఆరోజు ఐసు కరిగింది ఆడే."

"కాలువ గట్టు కాడ నిలబడు. నేనూ వస్తా."

ఆయన వచ్చాడు. గట్టు ఎక్కేటప్పుడు రెండుసార్లు దిగాడు, మూడోసారి దిగకుండా ఎక్కాడు. లూదియా ముందు పోతూ, కొత్త చైను చప్పుడే లేకుండా తిరుగుతుంటే, వెనకనుంచి వచ్చే ఆయాసం వింటూ, కావాలనే నెమ్మదిగా తొక్కింది. ఊర్లో టీకాలకు మొదట ఆరుగురు తల్లులే వచ్చారు. ఇంతలో వెంకటమ్మ అనే ముసలామె కట్టె పొడుచుకుంటూ వచ్చి గురుస్వామి ముఖంలోకి తేరిపార చూసింది.

"నువ్వు అమ్మవారి టీకాల సామివి గదా? నా కొడుక్కి ఏసింటివి. పదిమైళ్లు నడిచొచ్చి, మా ఇంట్లో రాగిసంగటి తినింటివి. ఇన్నేండ్లు యాడికి పోయినావప్పా?"

 గురుస్వామి ఆమె చేతులు రెండూ పట్టుకున్నాడు. మశూచి రోజుల్లో ఆయన నిజంగానే ఈ ఊర్లన్నీ నడిచాడు. కుర్చీ వచ్చాకే కాళ్లు ఆగిపోయాయి. వెంకటమ్మ వీధిలోకి తిరిగి కేకేసింది. "టీకాల సామి వచ్చినాడు, రండే!" మరో ఇరవైమంది తల్లులు వచ్చారు. ఫ్లాస్కులో ఐసు ఇంకా మిగిలే ఉంది.

నవంబరులో లూదియా ఉద్యోగం ఖాయమైంది. ఆమె పాత చైను ఇస్సాకు గోడ మీదికి ఎక్కింది. రేకుముక్క మీద పదకొండు గీతలున్నాయి.

మరుసటి ఏడు ఎండాకాలంలో గురుస్వామి ఒక్కడే షాపుకు వచ్చాడు. ఆకుపచ్చ సైకిలుకు చైను కవరు లేదు, మడ్‌గార్డు నిండా ఎండిన నల్లమట్టి. గంట కొట్టకుండానే దిగాడు.

"కొలుచప్పా."

ఇస్సాకు కడిగాడు, లాగాడు, లెక్కపెట్టాడు. గురుస్వామి ఆయన భుజం మీదుగా వంగి చూస్తున్నాడు. ఇరవైనాలుగో లింకు మొదటి గీతను వదిలి, రెండో గీతకు సగం దూరంలో ఆగింది.

"అర నూలు సార్."

"దాటలేదా?"

"ఇంగా లేదు."

"అర నూలే గదప్పా, ఎంత? మార్చెయ్యి. ఆ గోడ మీద తగిలించు."

"గీత దాటందే మార్చను సార్. ఆ గోడ మీదికి ఊరికే ఎక్కనీయను."

గురుస్వామి గోడ మీద లూదియా చైను వైపు ఒకసారి చూసి, సైకిలు అందుకున్నాడు.

"సరే, కానీ. వానలు రానీయప్పా, చూస్తా."