చంద్రవ్వ రాసిన ఇల్లు

ఎనభై మూడులో, శుక్రవారం వచ్చిందంటే చాలు, దుబాయ్‌లో కరామా పేటలోని ఒకే గదిలో ఉండే పదిమందీ బట్టలు ఉతుక్కుని, తలలకు నూనె రాసుకుని హన్మాండ్లు చుట్టూ చేరేవారు. వాళ్లలో గడగడా చదవగలిగింది అతనొక్కడే. ఊరి నుంచి వచ్చే వారపత్రికలో, ఆ పదిమందిలో ఒకడైన రాజలింగం భార్య చంద్రవ్వ రాసే నవల చదివి వినిపించేవాడు. పదో తరగతి దాకా చదివిన చంద్రవ్వ, ఆర్మూరు దగ్గర పల్లెలో బీడీలు చుట్టుకుంటూనే దుబాయ్ నవల రాస్తోంది. దుబాయ్ ఎలా ఉంటుందో మొగుడు క్యాసెట్లలో చెప్పి పంపుతాడు.

చిక్కంతా అక్కడే. మనిషి మంచివాడే గాని, పెళ్లాం దిగులు పడుతుందని కోతలు కోశాడు. సముద్రపు పాయ ఒడ్డున తనకో ఇల్లుందనీ, నీలం కిటికీ తెరిస్తే పడవలు కనిపిస్తాయనీ చెప్పాడు. ఆమె అదంతా నవల్లోకి ఎక్కించింది.

"ఆ జాగలన్నీ మాకు సూపెట్టు, రాజన్నా" అని ఒక శుక్రవారం హన్మాండ్లు పట్టుబట్టాడు. చూపెట్టడానికి ఇల్లుంటే కదా. ఎవరో ఒకరు సెలవు మీద ఊరికి పోతూనే ఉంటారు, పోయినవాడు చెప్పకుండా ఉంటాడా? చంద్రవ్వ ముందు అబద్ధాలకోరుగా నిలబడటం అతని వల్ల కాదు.

నడిచారు. నవల్లోని అత్తరు దుకాణం వచ్చింది, చేపల సందు వచ్చింది. మలుపు తిరిగితే ఇల్లూ ఉంది, నీలం కిటికీతో సహా. గుమ్మంలో కూర్చున్న కాపలాదారు బడే సాహెబ్ తాళంచెవి రాజలింగం చేతిలో పెట్టి, నవల మొదలైనప్పటి నుంచీ ఇల్లు ఇక్కడే ఉందనీ, ఆమె ఏ వారం రాసింది ఆ వారం వచ్చి చేరుతోందనీ చెప్పాడు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. అంత వివరంగా రాస్తే రాదా మరి.

లోపల ఒకటే మంచం, ఒకటే కంచం, ఒకటే గ్లాసు. మిగతావాళ్లు చాయ్ తాగడానికి వెళ్లాక రాజలింగం ఆ మంచం మీద కూర్చుని ఏడ్చాడు. ఇల్లు నిజమే, తను చెప్పింది మాత్రం అబద్ధమే కదా.

ఆ సాయంత్రమే క్యాసెట్ నింపాడు. "చంద్రా, నేను చెప్పినప్పుడు ఇల్లు లేకుండె. పదిమందిమి నేల మీద పండుకుంటున్నం. పనిల పెట్టుకున్న కఫీల్ పాస్‌పోర్ట్ ఇస్తలేడు. నాకు ఇంటికి రావాల్నని ఉన్నది."

జవాబు రాలేదు. ఆరు వారాలకు పత్రిక వచ్చింది. అందులో చంద్రవ్వ ఆ ఇంటికి ఒక పెరటి తలుపు పెట్టింది. హన్మాండ్లు ఆ వాక్యం రెండుసార్లు చదివి, పెట్టె తరువాత పంపిస్తామని చెప్పి రాజలింగాన్ని లేవదీసి నీలం కిటికీ ఇంటికి తీసుకెళ్లాడు.

పెరటి తలుపు తీస్తే ఊళ్లోని సొంత వాకిలి. ఒళ్లో చాట పెట్టుకుని చంద్రవ్వ కూర్చుని ఉంది. రాజలింగం గడప మీదే ఆగిపోయాడు.

"మొదటి క్యాసెట్ల్నే పదిమంది దగ్గు ఇనబడ్డది" అంది చంద్రవ్వ, చుట్టిన బీడీకి దారం కడుతూ. "నువ్వు ఉండనీకి ఒక ఇల్లన్న ఉండాలె గదా అని రాసిన. రా, లోపలికి."