కొట్టేసిన గీతలు

మామయ్య ఆ యంత్రానికి పెట్టిన పేరు రబ్బరు లేని పెన్సిలు. పేరులో వెటకారం ఉంది గానీ అబద్ధం లేదు. ఆ పచ్చటి తెర మీద ఒకసారి పడిన గీత అలాగే ఉండిపోతుంది. ఒక్కదాన్ని చెరపాలంటే కుదరదు. చెరిపితే తెర భగ్గున వెలిగి బొమ్మంతా పోతుంది, మళ్ళీ మొదటి నుంచీ గీయించుకోవాలి.

అందుకని మేనకోడలు ఒక పద్ధతి పెట్టుకుంది. తప్పు గీతను కంప్యూటరులో తీసేసి, తెర మీద మాత్రం దానికో చిన్న ఇంటూ మార్కు కొట్టి ముందుకు సాగేది.

మామయ్య డ్రాయింగు ఆఫీసులో ఆ యంత్రాన్ని పట్టుబట్టి పెట్టించింది ఆమే. ఆయన ఒప్పుకున్నాడే గానీ ఆమె పాత డ్రాయింగు బల్లను తీయించకుండా దుప్పటి కప్పి ఉంచాడు.

"ఈ పంపు బొమ్మ సాయంత్రానికి ఫౌండ్రీకి వెళ్ళిందా, నీ పెట్టె ఉంటుంది. లేదా, దుప్పటి తీసి బల్ల దగ్గర కూర్చో."

ఆమె సరేనంది. తన పని మీద ఆమెకు అంత ధీమా.

మధ్యాహ్నం బొమ్మ పూర్తయిందో లేదో, ఊరి అవతల ఉండి ఫోను తీగ మీద ఈ తెరను నడిపే పెద్ద కంప్యూటరు చతికిలబడింది. పొద్దుటి నుంచి చేసిందంతా పోయిందని అక్కడి ఆపరేటరు ఫోనులో చల్లగా చెప్పాడు.

"అయితే దుప్పటి తీయనా?" అన్నాడు మామయ్య.

"కంప్యూటరు మర్చిపోయింది మామయ్యా, తెర గాజు మర్చిపోలేదు. చూడు."

నిజమే. పడిన గీతను నిలుపుకోవడానికి ఆ గాజుకు కంప్యూటరు సాయం అక్కర్లేదు. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని వంగేలోపే తెర మసకబారింది.

"ఇదిగో, అదీ పోయింది."

"కునుకు తీసింది, అంతే."

ఆమె షిఫ్టు కీ తాకగానే బొమ్మ మళ్ళీ తేటపడింది. తెరను తుడిచేసే కీ పక్కనే ఉంది. దాని మీద సీసా మూత బోర్లించి టేపు అంటించింది.

"ఎక్కువసేపు ఉంచితే గాజుకు మచ్చ పడుతుంది. నీ చేతికి తిరుగు లేదు కదా, ట్రేసింగు కాగితం పెట్టి దించెయ్. గాజు ఉబ్బుకి ఆకారం కాస్త వంకరపోయినా, బొమ్మ మీద కొలతల అంకెలున్నాయి. వాటిని బట్టి సాఫు చేసుకుందాం."

ఆ పొగడ్త బాగానే పనిచేసింది. మామయ్య చొక్కా చేతులు మడిచి, తెరకు ముక్కు ఆనించినంత పని చేసి గీయసాగాడు.

"పంపు గోడకు ఇన్ని బోల్టులెందుకు పెట్టావే?" అన్నాడు కాసేపటికి.

ఆమె తొంగిచూసింది. తన ఇంటూ మార్కులన్నిటి చుట్టూ ఆయన శ్రద్ధగా సున్నాలు చుట్టి, వాటిని బోల్టు రంధ్రాలు చేసేశాడు.

"అవి బోల్టులు కావు, నా కొట్టివేతలు. ఆ గీతలు నేను తీసేసినవి. గాజుకి ఆ సంగతి తెలీదు. ఇలా పోత పోస్తే నీ పంపు నీళ్ళు తోడదు, చల్లుతుంది."

మామయ్య పడీపడీ నవ్వాడు. అంతలోనే నవ్వు ఆపాడు.

"మరి తీసేసి, మార్కు కొట్టడం మర్చిపోయినవి ఉంటే?"

"ఉండవు. నేనలా వదలను."

ఆయన ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. ఆపైన జేబులోంచి రబ్బరు తీసి, మార్కు ఉన్న ప్రతి గీతనూ తుడిచాడు. మిగిలినవాటిని అంకెలతో సరిచూస్తూ సాఫు చేశాడు. ఎక్కడా తేడా రాలేదు. తన బొమ్మను చూసి ఆమెకు గర్వంగా అనిపించింది.

సాయంత్రం ఫౌండ్రీ మనిషి వచ్చి డ్రాయింగు చుట్టుకుని పోయాడు. ఆమె సీసా మూత ఊడదీసింది.

"ఆగు, నేను నొక్కుతా," అన్నాడు మామయ్య.

తెర భగ్గుమంది. గది గోడలు ఒక్కసారి పచ్చబడ్డాయి, బొమ్మ పోయింది. సరదా తీరక, తెర ఖాళీగా ఉన్నా ఆయన ఆ కీని మరోసారి నొక్కాడు.

యంత్రాన్ని ఆపేశాక ఆయన ఆమె బల్ల దగ్గరికి వెళ్ళాడు. దుప్పటి లాగి, దులిపి, తెచ్చి యంత్రం మీద కప్పాడు.

"మరి నా బల్లకి దుమ్ము పడుతుంది కదా?" అంది ఆమె.

"పడనీ," అన్నాడు మామయ్య.