గోడ ముందుకొచ్చిన శుక్రవారం

శుక్రవారం సెలవుండే ఈ అరబ్బు దేశంలో, వాడి కబీర్ పేటలో ఆ రోజు ఆరాధన అయ్యాక మన తెలుగువాళ్ళు ఎక్కడికి వెళ్తారని ఎవర్నడిగినా ఒకటే చెప్తారు: సెలీనమ్మ గారింటికి. భర్త యెహెజ్కేలు గారు ఇక్కడి తెలుగు క్రైస్తవుల సహవాసానికి ప్రెసిడెంటు. పేరు ఆయనది, పెత్తనం ఆవిడది. స్కూల్లో చరిత్ర చెప్పే సూసన్ టీచరైతే ఆవిణ్ణి డాలీ మాడిసన్ అనే పిలుస్తుంది. అమెరికా కొత్తగా పుట్టిన రోజుల్లో ఒక ప్రెసిడెంటు భార్యట ఆ డాలీ. బుధవారం సాయంత్రం తలుపులు తీసిపెడితే, చట్టసభలో కొట్టుకు చచ్చేవాళ్ళు కూడా ఆమె ఇంట్లో పక్కపక్కన నిలబడి కబుర్లాడేవారట.

"ఆవిడ గోంగూర మాంసం వండేదా?" అని సెలీనమ్మ అడిగింది.

లేదని సూసన్ ఒప్పుకుంది. మరి మా సెలీనమ్మే గొప్ప.

ఇల్లు చూస్తే రెండు గదుల ఫ్లాటు. జనం వచ్చేకొద్దీ హాలు పెరుగుతుంది. ఎంతమందొస్తే అంతమందికీ గోడలు వెనక్కి జరుగుతాయి. పక్క ఫ్లాటు గౌహర్ బేగం శుక్రవారం పొద్దున్నే తన అల్మారా కాస్త అవతలికి జరిపి పెట్టుకుంటుంది, అంతే.

ఆ వారం సెలీనమ్మకి సారా గురించి బెంగ పట్టుకుంది. సారా నర్సు. పనిచేసే క్లినిక్ మూతపడింది. నెలాఖరులోగా కొత్త కంపెనీ దొరక్కపోతే వీసా కాన్సిల్, ఇంటికే. తణుకులో చెల్లెలి చదువు ఈ పిల్ల జీతం మీదే నడుస్తోంది. అల్ అమెరాత్‌లో ఒక క్లినిక్‌కి నర్సుల్ని తీసుకునేది ఇస్రాయేలు గారు. ఆయనేమో ఈ గడప తొక్కి రెండేళ్ళయింది. పండక్కి ముందు చేసుకునే సెమీ క్రిస్మస్ నాడు ముగింపు ప్రార్థనకి ఈ పెద్దాయన్ని పిలవడం మర్చిపోయి, యెహెజ్కేలు గారు తానే చేసేశారు. మన సంఘాల్లో అంతకంటే పెద్ద నేరం ఉందా? ఇస్రాయేలు గారు సగం మందిని తీసుకుపోయి అల్ హైల్‌లో వేరే కూడిక పెట్టుకున్నారు.

సెలీనమ్మ టాక్సీ ఎక్కి ఆయనింటికే వెళ్ళింది.

"అన్నయ్యా, మీరు అలిగింది మా ఆయన మీద. నా చేతి అన్నం మీద కాదు కదా?"

ఆయన కాసేపు గొణిగి, "తిని వెళ్ళిపోతానమ్మా. ఆయనతో మాత్రం మాట్లాడను" అన్నారు.

శుక్రవారం వచ్చారు, వెంట అల్ హైల్ జనమంతా. ఆ రోజు హాలు పెరగలేదు. పైగా వెనక గోడ జానెడు ముందుకొచ్చింది. జనం భుజాలు రాసుకుంటూ కూర్చున్నారు. ఇస్రాయేలు గారికి ఒక పక్క సారా, ఇంకో పక్క యెహెజ్కేలు గారు. మొహం తిప్పుకుందామంటే చోటేదీ?

"కాస్త ఆ పప్పు ఇటివ్వండి" అన్నారు యెహెజ్కేలు గారు. ఇవ్వక తప్పలేదు. ఆయన గిన్నె అందుకుని, "ఆ రోజు తప్పు నాదేనండి. ఇవాళ ముగింపు ప్రార్థన మీరే చెయ్యాలి" అన్నారు.

ఇస్రాయేలు గారు గబుక్కున సారా వైపు తిరిగారు.

"ఎవరమ్మా నువ్వు? ఏం చేస్తుంటావు?"

సారా అంతా చెప్పింది. డయాలసిస్‌లో చెయ్యి తిరిగిందనీ, వీసా అయిపోవచ్చిందనీ. ఆయన అన్నం కలుపుకోవడంలో పడ్డారు. ఆ పిల్ల పళ్ళెంలో ముద్ద అలాగే ఉండిపోయింది.

భోజనాలయ్యాక ఆయన లేచి ప్రార్థన మొదలుపెట్టారు. రెండేళ్ళదీ కలిపి చేశారు. ఈ దేశం కోసం, పాలకుల కోసం, ఊళ్ళో రోగుల కోసం. పిల్లలు నిద్రపోయారు. చివరికి, "ప్రభువా, ఆదివారం పొద్దున పేపర్లు పట్టుకుని మా క్లినిక్‌కి రాబోతున్న నీ కుమార్తె సారాను, మా కొత్త నర్సును దీవించు" అన్నారు.

అందరూ ఆమేన్ అన్నారు. సారాకి ఏడుపుతో నోరు పెగల్లేదు. వంటగది గుమ్మంలో నిలబడ్డ సెలీనమ్మ, ఆ పిల్ల వంతు కూడా కలిపి, ఇంకోసారి గట్టిగా ఆమేన్ అంది.